ఆట తెలియని ప్రెసిడెంట్

ఆంటీ పోయారన్న కబురు నాకు తెలుగువాళ్ళ ద్వారా రాలేదు. సిడ్నీ పారమట్టాలో ఆఫీసు నుంచి బయటపడి ట్రామ్ కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది. అవతల మార్గరెట్. అడిలైడ్‌కి ఉత్తరాన రెండు గంటల దూరంలో, గోధుమ పొలాల నడుమ ఉన్న ఓ చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి సెక్రటరీ ఆవిడ. ఉపోద్ఘాతాలు చేతకాని మనిషి. డాక్టరైన ఆంటీని ఆ ఊళ్ళో అందరూ డాక్ అనే అంటారు. "డాక్ పోయింది. సిటీలో దహనం అయిపోయింది. శుక్రవారం అందరం క్లబ్బులో కలుస్తున్నాం. వస్తావుగా" అని, నేను నోరు తెరిచేలోపే పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. ట్రామ్ వచ్చి ఆగి వెళ్ళిపోయింది, నేను ఎక్కలేదు.

కెల్లీవిల్‌లో ఇల్లు చేరి మా ఆవిడకి చెబితే "ఏ ఆంటీ?" అంది. అడగడంలో తప్పు లేదు. మా పేటలో గేటు తీస్తే ఒక ఆంటీ ఎదురవుతుంది. "ఫుట్‌బాల్ ఆంటీ" అన్నాను. పెళ్ళయిన కొత్తలో ఈ మాట అంటే నేను వేళాకోళం చేస్తున్నానని నమ్మేది కాదు. ఈసారి ఏమీ అనకుండా నా బ్యాగు సర్దింది.

ఆంటీ పేరు రాయను. ఫోటోకి నిలబడమంటేనే చెట్టు చాటుకి తప్పుకునే మనిషి, పేరు అచ్చులో చూసుకుంటే ఒప్పుకునేవారు కాదు.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఆంటీకి ఫుట్‌బాల్ రాదు. ఆడటం సరే, చూడటం కూడా రాదు. ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే గుండ్రటి బంతి ఆట కాదు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పట్టుకున్నవాడి మీద పడొచ్చు. నిలువు స్తంభాల మధ్య నుంచి తంతే గోల్. జనం గ్రౌండు చుట్టూ కంచెకి ఎదురుగా కార్లు నిలుపుకుని, చలికి అద్దాలు ఎత్తుకుని లోపలే కూర్చుంటారు. గోల్ పడితే చప్పట్లకి బదులు హారన్లు కొడతారు. క్లబ్బు ప్రెసిడెంట్ అయిన ఆంటీ ఆ ఆటకి వీపు పెట్టి కార్ల వరస వెంట నడిచేవారు.

మందపాటి కోటు, రబ్బరు బూట్లు, చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ, కోటు జేబులోంచి సగం బయటికి వేలాడే స్టెతస్కోపు. కారు అద్దం మీద ఉంగరంతో టకటకా కొట్టేవారు. అవతలి తలుపు తీసుకుని లోపల కూర్చునేవారు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టే ఇచ్చి రెండో చేత్తో మణికట్టు పట్టుకునేవారు. నాడి చూస్తున్నారని అవతలి రైతుకి తెలుసు. తెలియనట్టు వాన గురించి మాట్లాడేవాడు. ఇంతలో చుట్టూ హారన్లు మోగేవి. ఆంటీ ఉలిక్కిపడి "మనదేనా?" అని అడిగేవారు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ గోల్ ఎవరిదో తనంతట తాను కనుక్కున్నది లేదు.

ఊళ్ళో ఉన్న ఒక్క క్లినిక్‌కీ ఒక్క డాక్టరు ఆంటీయే. అంకుల్ నేను పరిచయం కాకముందే పోయారు. కూతురు మెల్‌బోర్న్‌లో. ఆవిడది భీమవరం పక్కన పల్లె. నాది కరీంనగర్. మా ఇద్దరి తెలుగూ విన్నవాళ్ళెవరూ అది ఒకే భాష అనుకునేవారు కాదు.

నేను ఆవిణ్ణి మొదటిసారి చూసింది అడిలైడ్ శివార్లలోని మాసన్ లేక్స్‌లో, యూనిలో చదువుతున్న రోజుల్లో. ఉగాదికి కమ్యూనిటీ హాల్లో పచ్చడి, పంచాంగం, ఆపైన భోజనాలు. మేం రూమ్మేట్లం వెళ్ళింది మూడోదాని కోసమే. పంచాంగం అయ్యాక ఒకావిడ మైకు అందుకుంది. డాక్టరమ్మట, షుగర్ గురించి చెబుతుంది కాబోలని జనం చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"అబ్బాయిలూ, మీలో పరిగెత్తడం ఎంతమందికొచ్చు?" అంది ఆవిడ.

మేం భోజనాల బల్లల వైపు చూశాం.

"పోనీ కబడ్డీ?"

నా పక్కనున్న సంతోష్ చెయ్యి లేచింది. వాడు ఇంటర్లో జిల్లా జట్టుకి ఆడాడు, ఆ సంగతి అడగని వాళ్ళకి కూడా చెబుతాడు. వాడిని చూసి మేమూ లేపాం. ఆంటీ మైకు వదిలేసి నేరుగా మా దగ్గరికొచ్చారు.

"శనివారం పొద్దున్నే రావాలి. ఫుట్‌బాల్‌కి. బూట్లు నేనిస్తాను."

"మాకు ఫుట్‌బాల్ రాదు గదాంటీ" అన్నాను.

"నాకూ రాదు. నడిపించట్లా?"

"గట్లెట్ల ఆడుతమాంటీ, కాళ్ళిరుగుతయి."

"విరిగితే కడతాను. డాక్టర్నేగా. ఇంకేమైనా సందేహాలున్నాయా?"

లేవని ఒప్పుకున్నాం. భోజనం అయ్యేదాకా ఆవిడ మా బల్ల దగ్గరే కూర్చున్నారు, పారిపోతామని కాబోలు.

ఆ క్లబ్బు చరిత్రంతా క్లబ్బు గోడ మీద ఫోటోల్లో ఉండేది. ఒకప్పుడు ఆ ఊరికి రైలుండేది, బ్యాంకు ఉండేది, గోధుమా గొర్రెల బొచ్చూ బాగా పలికేవి. అప్పుడు అది జీతాలిచ్చి ఆడించే క్లబ్బు. కోచ్‌ని సిటీ నుంచి పిలిపించి, ఇల్లిచ్చి, ధాన్యం గోదాముల్లో ఉద్యోగం ఇచ్చేవాళ్ళట. ఆటగాళ్ళు శనివారం పొద్దున రైల్లో దిగితే ఊరంతా స్టేషన్లో ఉండేదట. తర్వాత రైలు ఆగిపోయింది. యంత్రాలు పెద్దవై మనుషుల అవసరం తగ్గింది. పొలాలు కలిసిపోయి ఇళ్ళు ఖాళీ అయ్యాయి. బ్యాంకు మూసేశారు. అయినా క్లబ్బు మాత్రం పరువు కోసం సిటీ కుర్రాళ్ళకి జీతాలు ఇస్తూనే ఉంది. ఆంటీ ప్రెసిడెంట్ అయ్యాక మొదటి మీటింగులో పైకప్పు కారుతున్న చోట కుర్చీ వేసుకుని కూర్చుని, "మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె" అన్నారట. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి కమిటీకి చెప్పడానికి చాలాసేపు పట్టిందని మార్గరెట్ చెప్పింది. మీసాల్లేని ఆ కమిటీ పెద్దలు కూడా ఇప్పటికీ ఆ మాట వాడతారు.

జీతాలు ఆగాయి. సిటీ కుర్రాళ్ళు మాయమయ్యారు. ఇక్కడే వచ్చింది చిక్కు. లీగ్‌లో ప్రతి క్లబ్బూ రెండు జట్లు దింపాలి. మొదటి జట్టుకి ఊరివాళ్ళు బొటాబొటీగా సరిపోయారు. రెండో జట్టుకి మనుషుల్లేరు. ఆ ముందు ఏడాది చాలా శనివారాలు అది దిగనే లేదు. ఈ సీజన్లో ఒక్కసారి దిగకపోయినా లీగ్ నుంచి తీసేస్తామని, పక్క ఊరి క్లబ్బులో కలిసిపొమ్మని లీగ్ వాళ్ళు ఖరాఖండీగా చెప్పారు. పక్క ఊరంటే వీళ్ళకి తాతల నాటి నుంచీ పడదు. అందుకని ఆంటీ ఉగాది హాలు మీద పడ్డారు.

ఇంత పట్టుదల దేనికని ఒకసారి కార్లో అడిగాను. మాకోసం ఆవిడే స్వయంగా సిటీకి వచ్చి, మమ్మల్ని కుక్కుకుని తీసుకెళ్ళేవారు.

"ఫుట్‌బాలూ లేదు, గాడిదగుడ్డూ లేదు" అన్నారు. "మగాళ్ళు క్లినిక్‌కి రార్రా. వీళ్ళు మరీను. చెయ్యి తెగి వేలాడుతున్నా గుడ్డ చుట్టుకుని ట్రాక్టరెక్కేస్తారు. శనివారం గ్రౌండుకి మాత్రం వస్తారు. అక్కడ పట్టుకుంటాను."

కొంచెం దూరం పోయాక మళ్ళీ ఆవిడే మాట్లాడారు. "కరువొచ్చిన ఏడు ఒకతను గ్రౌండుకి రావడం మానేశాడు. పనులున్నాయేమో అనుకున్నాను. నేను అనుకుంటూనే ఉన్నాను, ఒకరోజు పోలీసులొచ్చి నన్ను అతని ఇంటికి తీసుకెళ్ళారు. చూడ్డానికేం మిగల్లేదు, కాయితం మీద సంతకం పెట్టడం తప్ప. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే." రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "గ్రౌండుంటే ఎవడు రాలేదో తెలుస్తుంది. గ్రౌండే లేకపోతే నాకెలా తెలుస్తుంది, చెప్పు?"

 

మా ఆట గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. కబడ్డీ వచ్చన్న ధీమాతో దిగిన సంతోష్ మొదటి పది నిమిషాల్లో ముగ్గురిని చీలమండలు పట్టుకుని పడేశాడు. ఈ ఆటలో మోకాలి కింద పట్టుకోవడం తప్పట. ప్రతిసారీ విజిల్, ప్రతిసారీ బంతి అవతలివాళ్ళకి. "మనిషిని పట్టుమన్నరు, పట్టిన. మల్ల తప్పేంది?" అని అంపైర్‌తో తెలుగులో గొడవపడ్డాడు. ఇంకో ఆటలో నా బూటు ఒకడి చేతిని తొక్కింది. నేను చటుక్కున వంగి అతని చెయ్యి తాకి కళ్ళకద్దుకున్నాను. చిన్నప్పటి నుంచి అలవాటు, బుర్ర ఆలోచించేలోపే చెయ్యి వెళ్ళిపోతుంది. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఈలోగా బంతి నా కాళ్ళ దగ్గర్నుంచే ఎత్తుకుపోయి గోల్ కొట్టారు. హారన్ల మధ్య ఆంటీ గొంతు వినిపించింది.

"ఒరేయ్! దండాలు తర్వాత పెట్టుకుందువుగాని, ముందు బంతి పట్టుకో!"

ఆ ఒక్కరోజే ఆవిడ ఆట చూశారని నా అనుమానం.

ఇంకో తంటా తిండిది. ఆట అయ్యాక అందరూ క్యాంటీన్లో 'పై'లు, అంటే మాంసం కూరి కాల్చిన రొట్టెలు, తింటారు. మాలో సగంమందికి శనివారం వెంకటేశ్వరస్వామి వారం, నీసు ముట్టరు. మొదటి వారం ఖాళీ రొట్టెలో టమాటా సాస్ వేసుకుని తిన్నారు. ఆంటీకి వంట ఒక్క ముక్క రాదు, వచ్చునని అబద్ధం కూడా చెప్పేవారు కాదు. రెండోవారానికి మార్గరెట్ చేత బంగాళదుంపా బఠాణీ కూరిన పేస్టీలు చేయించారు. పోనుపోను రైతులు కూడా మాంసం పైలు మానేసి అవే అడగసాగారు. శనివారం మాంసం మానేస్తే మంచిదని మార్గరెట్‌కి ఎవరు చెప్పారో గాని, ఆవిడ ఇప్పటికీ మానేసే ఉంది.

మాకు ఆట నేర్పింది కెన్. యాభై దాటిన రైతు, రెండో జట్టులో గోల్ ముందు కాపలా నిలబడేవాడు. ఒంటరి. ఇల్లు, కుక్క, గొర్రెలు. శనివారం గ్రౌండుకి అందరికంటే ముందు వచ్చేది అతని ట్రక్కే, ఎప్పుడూ స్తంభాల వెనకే నిలిపేవాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీలు దిగే పాత గదులు అతని పొలంలో ఉండేవి. మేం శుక్రవారం సాయంత్రమే వచ్చేసి అక్కడ పడుకునేవాళ్ళం. కెన్ మాటలు తక్కువ. బంతిని కాలి మీదికి ఎలా వదలాలో నాకు వందసార్లు చూపించి ఉంటాడు, నూటొకటోసారి కుదిరినప్పుడు "ఊఁ" అన్నాడు. నాకు మా నాన్న మెచ్చుకున్నట్టే అనిపించింది.

అలా ఆ సీజనంతా లాక్కొచ్చాం. ఒక్కటీ గెలవలేదు. కానీ ప్రతి శనివారం దిగాం. ఒకడు జ్వరంతో దిగాడు, ఒకడు ఎంగేజ్‌మెంట్ వీడియో కాల్ మధ్యలో పెట్టేసి దిగాడు. ఆఖరి మ్యాచ్ మిగిలింది. అది కూడా దిగితే క్లబ్బు నిలుస్తుంది.

ఆ వారం పరీక్షలని మేం శుక్రవారం రాలేదు, శనివారం పొద్దున నా పాత కారులో, సంతోష్ కారులో నేరుగా గ్రౌండుకి వచ్చాం. మనుషుల్ని లెక్క చూసుకుంటే కెన్ వస్తే సరిగ్గా సరిపోతారు. స్తంభాల వెనక కెన్ ట్రక్కు లేదు. మార్గరెట్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. జీతం లేకుండా పనిచేసే ఊరివాడు మా కోచ్ తేలిగ్గా తీసుకున్నాడు. "మొదటి జట్టు కుర్రాణ్ణి ఒకణ్ణి కెన్ బదులు దింపుదాం, ఒక్కడి వరకూ రూల్ ఒప్పుకుంటుంది" అన్నాడు. గేటు దగ్గర లీగ్ పెద్దమనిషి గడియారం చూసుకుంటున్నాడు.

ఆంటీ ఖాళీగా ఉన్న ఆ చోటు దగ్గర నిలబడి ఉన్నారు. తర్వాత గబగబా నా దగ్గరికొచ్చారు.

"కారు తియ్యి."

"ఆంటీ, ఆట సురూ అయితాంది."

"తెలుసు. కెన్ డాక్టర్ని చూస్తే తలుపు తియ్యడు. నిన్ను చూస్తే తీస్తాడు. పద."

కోచ్ అడ్డంపడ్డాడు. "డాక్, కెన్ బదులు మనిషున్నాడు. ఇతని బదులు లేడు. ఇతను వెళ్తే మనం దిగలేం. పోలీసులకి ఫోన్ చేద్దాం."

"పోలీసులు పక్క టౌన్ నుంచి రావాలి" అన్నారు ఆంటీ. "ఒకసారి వచ్చారుగా. నేను చూశాను."

"క్లబ్బు పోతుంది డాక్!"

"పోనీ."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం చూశాను. అన్ని నెలలు ఎవరి కాళ్ళు పట్టుకుంటే ఎవరు దిగారో అన్నీ తెలిసిన ముఖం అది. అయినా నాకంటే ముందు కారెక్కారు.

కెన్ పొలం గేటు తీసి లోపలికి వెళ్తే ముందు కుక్క కనిపించింది. కట్టేసి ఉంది. ఆ కుక్కని కట్టేయడం నేనెప్పుడూ చూడలేదు. దాని ముందు వరసగా గిన్నెలు, బకెట్లు, అన్నిటి నిండా తిండీ నీళ్ళూ. వారానికి సరిపోయేంత. నాకు అర్థం కాలేదు. ఆంటీకి అర్థమైంది. నా భుజం పట్టుకుని "పిలు" అన్నారు. ఆ వేళ్ళ బిగువు ఇంకా గుర్తుంది.

పిలిచాను. ట్రాక్టర్ షెడ్డులోంచి చాలాసేపటికి "ఊఁ" అని వినిపించింది.

కెన్ బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని ఉన్నాడు. ఆంటీ ఏమీ అడగలేదు. ఆ దుమ్ములో అతని పక్కనే నేల మీద చతికిలబడి, చెయ్యి చాచారు. అతను షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆవిడ రెండో చెయ్యి మణికట్టు మీదికి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది.

"మ్యాచ్, డాక్?" అన్నాడు కెన్.

"మ్యాచ్ సంగతి తర్వాత. నాకు టీ కావాలి. వాడు పెడతాడు. వాడికి టీ ఒక్కటే వచ్చు."

నేను టీ పెట్టి తెచ్చేసరికి కెన్ ఏడుస్తున్నాడు. ఆంటీ చెయ్యి వదల్లేదు, ఓదార్చలేదు, ఊరికే కూర్చున్నారు. చివరికి "ఆసుపత్రికి పోదాం, నేనూ వస్తాను" అన్నారు. అతను కుక్కని చూశాడు. "అదీ వస్తుంది" అన్నారు ఆంటీ.

రోడ్డు గ్రౌండు పక్క నుంచే పోతుంది. రెండో జట్టు దిగలేదు, మొదటి జట్టు ఆట నడుస్తోంది. మేం దాటుతుండగా హారన్లు మోగాయి. వెనక సీట్లో ఆంటీ అలవాటు కొద్దీ "మనదేనా?" అన్నారు. కెన్ కిటికీలోంచి స్తంభాల వైపు చూసి, "కాదు డాక్, వాళ్ళది" అన్నాడు. ఆ జవాబుకి ఆవిడ ఎంత సంతోషించారో నేను అద్దంలో చూశాను.

క్లబ్బుని లీగ్ నుంచి తీసేశారు. తర్వాతి మీటింగులో ఊరంతా ఆంటీ మీద పడింది. ఎందుకెళ్ళావని అడిగితే ఆవిడ చెప్పలేదు. డాక్టరు పేషెంట్ సంగతి చెప్పకూడదు, నన్ను కూడా చెప్పనివ్వలేదు. పక్క ఊరితో కలిసిపోదామని కొందరు లేచారు. ఆంటీ బల్ల మీద చెయ్యి వేసి ఒకటే మాట అన్నారు. "లీగ్ మనల్ని వద్దంది. శనివారాన్ని వద్దనలేదుగా. వచ్చే శనివారం ఇదే టైముకి ఇక్కడే ఆట. మనలో మనమే రెండు జట్లు." ఆడగలిగిన కుర్రాళ్ళు కొందరు పక్క ఊరికి పోయారు. మిగిలినవాళ్ళు శనివారం వచ్చారు. ముసలివాళ్ళు, మేము, మార్గరెట్ మనవరాళ్ళు, ఎవరు దొరికితే వాళ్ళు. ఒకప్పుడు జీతాలిచ్చి ఆడించిన క్లబ్బు, లీగూ లేక స్కోరూ లేక అలా నడుస్తూనే ఉంది. కొన్ని వారాల తర్వాత స్తంభాల వెనక కెన్ ట్రక్కు మళ్ళీ నిలిచింది. ఆంటీ వెళ్ళి అద్దం మీద ఉంగరంతో కొట్టారు.

తిట్లు మాత్రం ఆగలేదు. ఏ శనివారమైనా టీ దగ్గర ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. "ఆ రోజు ఆ ప్రెసిడెంట్ గ్రౌండు వదిలి వెళ్ళకపోయి ఉంటే ఈపాటికి ఫైనల్స్ ఆడేవాళ్ళం." ఇంకొకరు అందుకునేవారు. కోచ్ అందరికంటే గట్టిగా అరిచేవాడు. కెన్ తల దించుకుని టీ తాగేవాడు. ఆంటీ "ఆయ్, నాదే తప్పు" అని పేస్టీ కొరుక్కునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకసారి కార్లో కక్కేశాను.

"ఇగ నాతోని కాదాంటీ. వచ్చే వారం అసలు సంగతి అందరి ముంగట జెప్తా."

"నోర్మూసుకో" అన్నారు. "చెప్తే వాడి పరువు పోద్ది. తిట్టనీరా. తిడితే ఒంటికి చిల్లులు పడతాయా ఏంటి?"

ఉద్యోగం వచ్చి సిడ్నీ మారేదాకా ఆ తిట్లు వింటూనే ఉన్నాను. తర్వాత ఎప్పుడు వెళ్ళినా అవే.

శుక్రవారం క్లబ్బు నిండిపోయింది. బయట కార్లు కంచెకి ఎదురుగానే నిలబెట్టారు, అలవాటు. ఆంటీ ఫోటో దొరక్క, జనం మధ్యలో ఉన్నదాన్ని పెద్దది చేయించి పెట్టారు. అందులోనూ ఆవిడ సగం అటు తిరిగి ఉన్నారు. వాళ్ళమ్మాయి కొంచెం మాట్లాడింది. అప్పుడు కెన్ లేచాడు. అతను పదిమందిలో మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఆ ఆఖరి మ్యాచ్ రోజు డాక్ వెళ్ళింది నా కోసం" అన్నాడు. టోపీ చేతుల్లో నలిగిపోతోంది. "నేను ఆ రోజు చచ్చిపోదామనుకున్నాను. క్లబ్బు పోయింది ఆవిడ వల్ల కాదు, నా వల్ల. ఇన్నేళ్ళూ మీరు ఆవిణ్ణి తిడుతుంటే వింటూ కూర్చున్నాను. నోరు తెరవొద్దంది. తిట్టుకుంటే వాళ్ళకి కొంచెం హాయిగా ఉంటుంది, వాళ్ళకి ఆ మాత్రం కూడా లేకుండా చెయ్యకు అంది."

టీ కెటిల్ పట్టుకుని నిలబడిన మార్గరెట్ మెల్లగా అంది.

"కూర్చో కెన్. మాకు తెలుసు."

కెన్ ఆవిడ వైపు తిరిగాడు.

"ఆ సాయంత్రమే తెలుసు. నీ కుక్క డాక్ ఇంట్లో ఉంది, నువ్వు లేవు. ఇంత చిన్న ఊళ్ళో ఇంకేం చెప్పాలి? నేనూ కోచ్ వెళ్ళి అడిగాం. ఆవిడేమీ చెప్పలేదు. ఏమీ అడక్కండి, నన్ను తిట్టండి అంది. కెన్ ఉన్నప్పుడు మరీ గట్టిగా తిట్టండి, క్లబ్బు నా వల్లే పోయిందని వాడు నమ్మాలి, వాడి నెత్తిన ఇంకో బరువు పడకూడదు అంది. ఊరందరికీ ఆ మాట చెప్పి ఒప్పించింది నేనే."

కెన్ ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ పోయాడు. ఎవరూ కళ్ళు తిప్పుకోలేదు.

"అందరూనా?" అన్నాడు.

"అందరం" అన్నాడు కోచ్. "హాయిగా ఉంటుందని అందా డాక్? వారం వారం కొత్త తిట్టు దొరక్క చచ్చాం. ఇంటికెళ్ళి మా ఆవిడ దగ్గర ఏడ్చేవాణ్ణి."

ఎవరో నవ్వారు. దాంతో అందరూ నవ్వారు, అందరికీ కళ్ళనీళ్ళు. కెన్ కూర్చున్నాడు. మార్గరెట్ అతని కప్పు నింపింది. కాసేపటికి కోచ్ కప్పు పట్టుకుని లేచాడు. ఆవిణ్ణి సాగనంపేటప్పుడు కూడా తిట్టే సాగనంపుదాం, ఆవిడ కోరిక అదేగా అన్నాడు. అందరూ కప్పులు ఎత్తారు. ఎప్పుడూ అరిచే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఆ రోజు ఆ ప్రెసిడెంట్ గ్రౌండు వదిలి వెళ్ళకపోయి ఉంటే..."

ఎదురుగా కెన్ కూర్చుని ఉన్నాడు. కోచ్ అతన్ని చూశాడు. మిగతా సగం అనలేకపోయాడు.